చలికడలిలో చమురు తిను సూక్ష్మజీవులు

తుమ్మపాలలో సహకార చక్కెర కర్మాగారము నడచిన రోజులలో, కోసిన చెరకు సకాలమున గానుగ పడకపోయినచో రసము జిగురెక్కి తీగ సాగుట అక్కడి పనివారికి క్రొత్త సంగతి కాదు. ల్యూకోనాస్టాక్ అను సూక్ష్మజీవి రసములోని చక్కెరను తిని దానిని డెక్స్‌ట్రాన్ అను జిగట పదార్థముగా మార్చుటయే దీనికి కారణము. ప్రక్కనున్న అనకాపల్లిలో 1913లోనే చెరకు పరిశోధన కేంద్రము వెలసినది. బెల్లపు వ్యాపారమునకు ఆ పట్టణము పెట్టినది పేరు. కాబట్టి తీపి వస్తువును సూక్ష్మజీవులు తినునన్న మాట ఆ ప్రాంతపు విద్యార్థికి ఎవరును వేరుగ బోధింపనక్కరలేదు. అయితే కిరసనాయిలును, డీజిలును, నేలలోనుండి తీసిన ముడి చమురును గూడ తిను సూక్ష్మజీవులు ఉన్నవనిన, అందులోను మంచువలె చల్లనైన నీటిలో ఆ పని చేయగలవనిన, పిల్లలే కాదు, పెద్దలును వెంటనే నమ్మరు. శాస్త్రజ్ఞులు కూడ చాలకాలము నమ్మలేదు. వారికి నమ్మకము కుదిరిన క్రమమే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా మన సముద్రమును గూర్చి ఒక మాట. శారదానది అనకాపల్లి ప్రాంతమును దాటి బంగాళాఖాతములో కలియును. ఆ తీరమున పూడిమడక వంటి పల్లెలలో వలలు లాగు మత్స్యకారులకు సముద్రమనగా వెచ్చని నీరు. పైభాగమున ఆ నీటి ఉష్ణోగ్రత సంవత్సరములో చాలభాగము 28, 29 సెంటిగ్రేడు డిగ్రీలుండును. కాని ఈ వెచ్చదనము ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె వంటిది. అది కొలది పదుల మీటర్ల పొర మాత్రమే. వేయి మీటర్ల లోతునకు పోయినచో ఉష్ణోగ్రత 6, 7 డిగ్రీలకు దిగును. రెండువేల మీటర్లకు దిగువన 3 డిగ్రీలు, అంతకును తక్కువ. విశాఖపట్టణములో మే నెల ఎండ మండుచున్నను ఆ లోతున మార్పు ఉండదు. ఈ చలినీరు ఇక్కడ పుట్టినది కాదు. అంటార్కిటికా చుట్టునున్న సముద్రములలో చల్లబడి, బరువెక్కి, అడుగునకు దిగి, మెల్లమెల్లగా ఉత్తరమునకు ప్రాకి వచ్చిన నీరు. ప్రపంచ సముద్రజలములో నూటికి తొంబది పాళ్లు 5 డిగ్రీలకు మించని చలిలో నున్నదన్న సంగతి గమనించినచో, సముద్రమున చలియే సాధారణ స్థితి అనియు, వెచ్చదనమే ప్రత్యేకమనియు తేలును.

ఈ విషయమున ఆంధ్రదేశమునకు ఒక గౌరవము కలదు. 1952లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగా వచ్చి, ఇక్కడి యువకులకు సముద్ర విజ్ఞానము నేర్పినాడు. భారత నౌకాదళపు ఓడలపై వారు తీరము వెంబడి తిరిగి, లోతు పెరిగిన కొలది నీటి చల్లదనము ఎట్లు మారుచున్నదో కొలిచినారు. వేసవి ఆరంభమున విశాఖ తీరమున అడుగునీరు పైకి ఉబుకునని ఆ కొలతలే తెలిపినవి. సముద్రపుటడుగున పెద్ద లోయలును బయటపడినవి. వానిలో ఒకదానికి ఆంధ్ర విశ్వవిద్యాలయపు పేరిటను, మరియొకదానికి అక్కడి భూవిజ్ఞాన ఆచార్యులు మహాదేవన్ గారి పేరిటను నామకరణము చేసినారు. సూక్ష్మజీవుల జోలికి వారు పోలేదు. అయినను మన వెచ్చని కడలి క్రింద ఒక చలికడలి ఉన్నదని మన ఇంటి ముంగిట కొలిచి చూపినవారు వారే.

చలి సూక్ష్మజీవులను చంపును, లేదా నిద్రపుచ్చును అని పూర్వులనుకొనిరి. ఆ నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. చలిలో పెట్టిన మాంసము త్వరగా కుళ్లదు గదా! అయితే మంచులో పెట్టిన చేప కూడ కొన్ని దినములకు పాడగుచున్నదన్న సంగతి చేపల వర్తకులకు తెలియును. 1887లో ఫార్‌స్టర్ అను శాస్త్రజ్ఞుడు ఈ చిక్కును విప్పినాడు. చలిలో నిలువచేసిన చేపలనుండి ఆయన తీసిన సూక్ష్మజీవులు సున్న డిగ్రీల వద్ద, అనగా నీరు గడ్డకట్టు చలిలో, పెరుగుట కనబడినది. అంతకు మూడేండ్ల ముందు ఫ్రెంచి వాడు సెర్త్ అయిదువేల మీటర్ల లోతునుండి తెచ్చిన నీటిలోను, మట్టిలోను బ్రతికియున్న బాక్టీరియాను చూపియుండెను. 1902లో ష్మిట్-నీల్సన్ వీనికి గ్రీకు మాటలతో ఒక పేరు పెట్టినాడు. దానిని మనము "శీతప్రియములు" అని చెప్పుకొనవచ్చును. పేరు పెట్టుట సులభమే; ఏవి శీతప్రియములు, ఏవి కావు అన్న వివాదము డెబ్బది సంవత్సరములు సాగినది. తుదకు 1975లో మోరిటా ఒక గీటు గీసినాడు. 15 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని ఉన్నప్పుడు బాగుగా పెరుగుచు, 20 డిగ్రీలు దాటినచో పెరుగలేక, సున్న వద్దను పెరుగగలవి శీతప్రియములు. చలికి ఓర్చుకొనుచునే వెచ్చదనము కోరునవి శీతసహములు. మన ఇండ్లలోని రిఫ్రిజిరేటరులో పాలను విరుగగొట్టునవి చాలవరకు ఈ రెండవ జాతివి.

ఇక చమురు మాట. చమురు మానవుడు తయారుచేసిన విషమని చాలమంది భావింతురు. అది తప్పు. కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రములో బ్రతికిన అతి చిన్న మొక్కలు, ప్రాణులు అడుగునకు చేరి, మట్టి క్రింద నలిగి, వేడికి మారి చమురైనవి. భూమి పగుళ్లగుండ అది సముద్రములోనికి ఊరుట గూడ నేటి మాట కాదు. ఎక్కడ అన్నమున్నదో అక్కడికి చీమ వచ్చినట్లు, ఆ ఊటల దగ్గరకు దానిని తిను జీవులు చేరినవి. 1895లో మియోషి అను జపాను వృక్షశాస్త్రజ్ఞుడు ఒక బూజు పలుచని పారఫిన్ పొరను తొలుచుకొని పోవుట చూచినాడు. హాలెండులో బైయరింక్ శిష్యుడైన సోంగెన్ 1906లో మీథేను వాయువును తిని బ్రతుకు బాక్టీరియాను, 1913 నాటికి కిరసనాయిలును, పారఫిన్‌ను తినువానిని గూడ వర్ణించినాడు.

సముద్రమునకు సంబంధించినంతవరకు ఈ విద్యకు పెద్ద అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన క్లాడ్ జోబెల్. చమురును తిను సముద్ర బాక్టీరియాను గూర్చి ఆయనయు, ఆయన సహచరులును 1943లో ఒక వ్యాసము ప్రకటించిరి. 1946లో వెలువడిన ఆయన గ్రంథము సముద్ర సూక్ష్మజీవశాస్త్రమునకు చాలకాలము మూలగ్రంథముగా నిలిచినది. 1951లో గలాతియా అను డెన్మార్కు ఓడపై ఆయన ఫిలిప్పైన్ అగాధమునకు పోయి, పదివేల మీటర్లకు మించిన లోతునుండి తెచ్చిన మట్టిలో సజీవములైన బాక్టీరియాను కనుగొన్నాడు. సున్నకు దిగువ ఉష్ణోగ్రతలలో గూడ బాక్టీరియా ఖనిజతైలములను ఆక్సీకరణము చేయునని 1972లో ప్రకటించినదియు ఆయనయే. చలి, చమురు అను రెండు దారులు ఇక్కడ కలిసినవి.

బాక్టీరియా చమురును ఎట్లు తినును? చమురు నీటిలో కరుగదు. తిను జీవి నీటిలో నున్నది. కాబట్టి మొదట చమురును చిన్న చిన్న బిందువులుగా చీల్చవలెను. తలంటునప్పుడు మనము కుంకుడు రసముతో చేయునది ఇదే పని. కొన్ని బాక్టీరియా తమ కుంకుడు రసమును తామే తయారుచేసికొనును. తరువాత ఒక ఎంజైము చమురు గొలుసు కొనకు ఒక ఆమ్లజని పరమాణువును అంటించును. అప్పుడది ఆల్కహాలగును. అది మరల ఆక్సీకరణము చెంది, తుదకు క్రొవ్వు ఆమ్లముగా మారును. క్రొవ్వు ఆమ్లమును రెండేసి కర్బనముల ముక్కలుగా నరికి శక్తి పొందుట మన శరీరమునకును తెలిసిన విద్యయే. కష్టమంతయు ఆ మొదటి మెట్టులోనున్నది. ఆ మెట్టునకు ఆమ్లజని లేనిదే పని జరుగదు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను, ముందు దీనితో పని పడును.

ఇంతవరకు ఇది ప్రయోగశాలలోని వింత. 1967 మార్చి 18న దీనికి లోకవ్యవహారములో స్థానము కలిగినది. ఆనాడు టోరీ కాన్యన్ అను ఓడ ఇంగ్లండు నైరృతి కొసన రాళ్లకు తగిలి పగిలినది. అందులో లక్షా పందొమ్మిది వేల టన్నుల ముడి చమురున్నది. అధికారులు విమానములతో బాంబులు వేయించి చమురును తగులబెట్ట జూచిరి. తీరమున సుమారు పదివేల టన్నుల డిటర్జెంట్లు చల్లించిరి. తరువాత ప్లిమత్ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూడగా, చమురు చంపిన గుల్లలకంటె డిటర్జెంట్లు చంపినవే హెచ్చని తేలినది. రోగముకంటె మందు చెరుపు చేసినదన్నమాట. అప్పుడు గాని, సముద్రము తనంతట తాను ఈ మురికిని ఎట్లు కడుగుకొనుచున్నదను ప్రశ్న ప్రభుత్వములకు పట్టలేదు.

1972లో అమెరికాలో అట్లాస్, బార్తా అను ఇద్దరు ఒక సులువైన సంగతిని రుజువు చేసిరి. సముద్రపు నీటిలో చమురు పోసి ఊరకున్నచో బాక్టీరియా కొంచెము తిని ఆగిపోవును. నత్రజని, భాస్వరము కలిపినచో జోరుగా తినును. బెల్లము బలమైనదే, కాని ఒట్టి బెల్లము తిని మనిషి ఒళ్లు పెంచగలడా? చమురులో ప్రధానముగా నున్నవి కర్బనము, ఉదజని. క్రొత్త కణములు పుట్టుటకు మాంసకృత్తులు కావలెను, వానికి నత్రజని కావలెను, భాస్వరమును కావలెను. ఎరువు వేయని చేను వంటిది సముద్రము. రైతునకు తెలిసిన ఈ సూత్రము చమురు తెట్టుకు అన్వయించుటకు 1972 వరకు పట్టినది!

ఆ రోజులలోనే మన దేశస్థుడొకడు మరియొక త్రోవ పట్టినాడు. బెంగాలులో 1938లో జన్మించిన ఆనందమోహన్ చక్రవర్తి గారు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేయుచు, చమురులోని వేర్వేరు భాగములను తిను శక్తులను ఒకే సూడోమోనాస్ బాక్టీరియాలో చేర్చినారు. 1972లో దానిపై పేటెంటు కోరినారు. ప్రాణమున్న వస్తువునకు పేటెంటు ఇయ్యవచ్చునా అను వ్యాజ్యము అమెరికా సుప్రీం కోర్టు వరకు పోయినది. 1980 జూన్ 16న అయిదుగురు న్యాయమూర్తులు ఔననియు, నలుగురు కాదనియు తీర్పు చెప్పిరి. ఆ తీర్పుపై నేటి జీవసాంకేతిక పరిశ్రమ నిలిచియున్నది. వింత యేమనగా, ఆ బాక్టీరియాను తెరచిన సముద్రములో చమురు తెట్టుపై ఎన్నడును వదలలేదు. పత్రికలలో దానికి వచ్చిన పేరునకును, సముద్రమునకు అది చేసిన సేవకును పొంతన లేదు. నా దృష్టిలో ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. తీరమున అప్పటికే చమురు తిను జీవులు లక్షలుగా నున్నవి. వానికి కొరతయైనది ఎరువు మాత్రమే.

ఆ సంగతి 1989లో అలాస్కాలో కనబడినది. మార్చి 24న ఎక్సాన్ వాల్డీజ్ ఓడ నీటిలోని రాతిమిట్టనెక్కి, సుమారు నాలుగు కోట్ల లీటర్ల చమురును ప్రిన్స్ విలియం సౌండు అను చలినీటి అఖాతములోనికి విడిచినది. వేడినీటితో రాళ్లను కడిగిరి. కడిగిన చోట తీరపు జీవులును నశించినవి. తరువాత మూడు వేసవులలో గులకరాళ్ల ఒడ్డుపై చమురుకు అంటుకొను ఎరువులను చల్లిరి. సుమారు 50 టన్నుల నత్రజని వాడబడినది. ఎరువు వేసిన చోట చమురు విరుగు వేగము రెండు మొదలు అయిదు రెట్లు వరకు పెరిగినదని కొలిచిరి. ఇది చలినీటి దేశములో జరిగిన పని! బయటనుండి ఒక్క బాక్టీరియా తేనక్కరలేకపోయినది. అయితే కథ అంత తియ్యగా ముగియలేదు. పండ్రెండేండ్ల తరువాత త్రవ్వి చూచినపుడు గులకరాళ్ల క్రింద కొన్ని చోట్ల చమురు ఇంకను నల్లగా, వాసన వేయుచు నిలిచియున్నది. అక్కడికి ఆమ్లజని దిగలేదు.

చలిలో చమురు విరుగుట కష్టమగుటకు కారణములు కలవు. చలికి చమురు చిక్కబడును, బిందువులుగా చీలదు. వెచ్చని సముద్రమున ఆవిరియై పోవు విషభాగములు చలినీటిలో నిలిచిపోయి బాక్టీరియానే బాధించును. సాధారణముగా ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గినచో రసాయన క్రియల వేగము సుమారు సగమగును. ఇన్ని అడ్డంకులున్నను శీతప్రియములు ఎట్లు బ్రతుకుచున్నవి? దీనిని వివరించిన పరిశోధనలలో కొంత ముఖ్యమైన పని హైదరాబాదులో జరిగినది.

1977లో ఆరంభమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు అంటార్కిటికానుండి మట్టి, నీరు, మంచు వచ్చినవి. భారతదేశపు తొలి అంటార్కిటికా యాత్ర 1981-82లో ఖాసిం గారి నాయకత్వమున జరిగినది. తరువాతి యాత్రలు అక్కడి షిర్‌మాకర్ ఒయాసిస్సును పరిశోధన క్షేత్రముగా చేసికొన్నవి. హైదరాబాదు కేంద్రములోని శివాజీ గారును, వారి సహచరులును అక్కడి సూడోమోనాస్ జాతులను గూర్చి 1989లో ప్రకటించిరి. 1992లో స్ఫింగోబాక్టీరియం అంటార్కిటికస్ అను క్రొత్త జాతికి పేరు పెట్టిరి. తరువాత పండ్రెండేండ్లలో ప్లానోకోకస్ అంటార్కిటికస్, కొకూరియా పోలారిస్, సూడోమోనాస్ అంటార్కిటికా మొదలైన జాతులు వచ్చినవి. దక్కను పీఠభూమిపై, నలుబది డిగ్రీల ఎండలో, గడ్డకట్టు చలి కోరు ప్రాణులను పెంచి పోషించుట చిన్న విషయము కాదు.

వారు చూచిన కిటుకులలో మొదటిది మన వంటింటిలోనే కలదు. లంబసింగి చలిలో నెయ్యి పేరును, కొబ్బరినూనె పేరును, నువ్వులనూనె పేరదు. ఏలననగా నువ్వులనూనెలో అసంతృప్త క్రొవ్వు ఆమ్లములు హెచ్చు. వాని గొలుసులలో వంపులుండుటచేత అవి ఒకదాని ప్రక్క ఒకటి సర్దుకొని గట్టిపడలేవు. కణమును చుట్టియున్న పొర గూడ క్రొవ్వుతో చేసినదే. అది నేతివలె పేరినచో ఆహారము లోనికి పోదు, మలినము బయటికి రాదు, కణము చచ్చును. కాబట్టి చలి పెరిగిన కొలది శీతప్రియములు తమ పొరలో నేతి భాగము తగ్గించి నువ్వులనూనె భాగము పెంచుకొనును. అయితే పొర మరీ జావ కారాదు. అంటార్కిటికా బాక్టీరియాకు ఎరుపు, పసుపు వన్నెలిచ్చు కెరోటినాయిడ్లు పొరలో దూరి దానిని నిలుకడగా నుంచునని జగన్నాథం, చటోపాధ్యాయ, శివాజీ గార్ల పరిశోధనలు సూచించినవి. అందమునకు వచ్చిన రంగు కాదన్నమాట!

రెండవ కిటుకు కణపు లోపలిది. జీవపు ఆజ్ఞలను మోయు ఆర్.ఎన్.ఏ. దారములు చలికి తమలో తాము మెలివడి ముడిపడును. ఆ ముడులను విప్పి, పనికిరాని దారములను త్రుంచివేయు యంత్రాంగము కావలెను. అదే కేంద్రములో మలయ్ రాయ్ గారి బృందము అంటార్కిటికానుండి వచ్చిన సూడోమోనాస్ సిరింజే అను బాక్టీరియాలో ఈ యంత్రాంగమును విడదీసి 2005లో ప్రకటించినది. అందులోని ఒక ఎంజైమునకు సంబంధించిన జన్యువును తొలగించినచో ఆ బాక్టీరియా 4 డిగ్రీల వద్ద పెరుగలేకపోవునని 2007లో చూపినారు. వెచ్చగానున్నచో పెరుగును! ఈ బాక్టీరియాను చమురు తినునవిగా ఎంచి పరిశోధింపలేదు. కాని చలిలో బ్రతుకు విద్య చమురు తినువానికిని, తిననివానికిని ఒకటే గనుక, సముద్రపు కథ అర్థమగుటకు హైదరాబాదు పని సాయపడుచున్నది.

చలియును చమురును రెండును కోరు జీవి 2003లో దొరికినది. అంటార్కిటికాలోని రాస్ సముద్రమున రాడ్ బే అను చోటి నీటిలో చమురు కలిపి చలిలో పెంచగా, యాకిమోవ్ మొదలైనవారికి సన్నగా మెలికలు తిరిగిన ఒక బాక్టీరియా కనబడినది. దానికి ఓలియిస్పైరా అంటార్కిటికా అని పేరిడిరి. చమురును తిను మెలిక అని అర్థము. ఇది చక్కెరల జోలికి దాదాపు పోదు. తుమ్మపాల రసములోని ల్యూకోనాస్టాక్‌కు ఇది సరిగా వ్యతిరేకమైన రుచి గలది. దీని అన్నలాంటి ఆల్కనివోరాక్స్ బోర్కుమెన్సిస్ 1998లో ఉత్తర సముద్రపు బోర్కుం దీవి పేరిట నామకరణము పొందియుండెను. ఓలియిస్పైరాను గూర్చిన ఒక ప్రయోగము విద్యార్థులకు తప్పక చెప్పదగినది. మాంసకృత్తులు సరిగా మడతపడుటకు సాయపడు రెండు మాంసకృత్తులు దానికి కలవు. వాని జన్యువులను మన ప్రేవులలో నుండు ఇ. కోలై బాక్టీరియాలో చేర్చిరి. వెచ్చని పొట్టలో పెరుగుటకు అలవాటుపడిన ఆ జీవి 4 డిగ్రీల చలిలో పెరుగసాగినది! చలిని తట్టుకొను విద్యలో కొంత భాగము రెండు జన్యువులలో ఇమిడియున్నదన్నమాట.

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అను త్రవ్వకపు వేదిక పేలి పదకొండుగురు మరణించిరి. పదిహేను వందల మీటర్ల లోతుననున్న బావి 87 దినములు కట్టుబడలేదు. సుమారు 49 లక్షల పీపాల చమురు వెలువడినది. పైన వెచ్చని సముద్రమే. కాని చమురులో ఒక భాగము పైకి రాక, వేయి మీటర్ల దాపున, 5 డిగ్రీల చలిలో, మేఘమువలె వ్యాపించినది. ఆ మేఘములో హేజెన్ బృందము వెదకగా, ఓలియిస్పైరాకు దగ్గరి చుట్టములైన బాక్టీరియా మిక్కుటముగా పెరిగియుండుట కనబడినది. తరువాతి నెలలలో వాని స్థానమును కోల్వెలియా, సైక్లోక్లాస్టికస్ అనునవి ఆక్రమించినవి. భోజనపు బంతులవలె ఒక జాతి తరువాత ఒక జాతి కూర్చుండి, తనకు నచ్చిన భాగమును తినిపోయినది. చమురులోని కొన్ని భాగములు కొలది దినములలోనే సగమునకు తగ్గుచున్నవని లెక్క కట్టిరి.

ఇక్కడ పత్రికలు తొందరపడినవి. సముద్రము చమురునంతయు మ్రింగివేసినదని వ్రాసినవి. అది నిజము కాదు. నీటిలో చమురు పలుచబడుట వేరు, విరుగుట వేరు. రెండును కొలతలో ఒకేవిధముగ తగ్గుదలగనే కనబడును. 2014లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారము సుమారు 3,200 చదరపు కిలోమీటర్ల సముద్రపుటడుగున చమురు ఆనవాళ్లు పేరుకొనియున్నవి. తేలికయైన భాగములను తినుటలో చలి బాక్టీరియా దిట్టలు. తారు వంటి బరువైన భాగములను ముట్టుటకు వెనుదీయును.

ఇదంతయు మనకెందుకని అడుగవచ్చును. 1957లో విశాఖపట్టణమున కాల్టెక్స్ కంపెనీ చమురు శుద్ధి కర్మాగారము నెలకొల్పిననాటినుండి ఆ తీరమునకు చమురు ఓడలు వచ్చుచున్నవి. ఆ కర్మాగారము తరువాత హిందుస్తాన్ పెట్రోలియం సంస్థ క్రిందకు వచ్చినది. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావి పేలి 65 దినములు మండినది. అది నేలమీది వాయువు బావి. 2017 జనవరి 28న మద్రాసుకు ఉత్తరమున ఎన్నూరు వద్ద రెండు ఓడలు ఢీకొన్నపుడు తీరమునకు కొట్టుకొనివచ్చిన చిక్కని చమురును మనుష్యులు బకెట్లతో తోడవలసి వచ్చినది. నేడు బావులు సముద్రపు లోతునకు దిగినవి. కృష్ణా-గోదావరి మండలమున 2008లో లోతునీటి చమురు తీయుట మొదలైనది. 2024 జనవరి 7న కాకినాడ తీరమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఓ.ఎన్.జి.సి. వారి లోతునీటి క్షేత్రమునుండి తొలి చమురు వచ్చినది. ఆ లోతులలో మెక్సికో సింధుశాఖవలెనే పైన వెచ్చదనము, క్రింద చలి.

ఆ చలిలో తినువారున్నారా? ఉండుటకు ఆధారములు కలవు. 2006లో జరిగిన త్రవ్వకములలో ఆ మండలపు సముద్రపుటడుగున మీథేను హైడ్రేటులు దొరికినవి. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వారు అక్కడ మీథేను పైకి ఊరు చోట్లను, వానిని ఆశ్రయించి బ్రతుకు ప్రాణులను కనుగొని 2019లో ప్రకటించిరి. ఊట యున్నచోట దానిని మేయు బాక్టీరియా తరతరములుగ అలవాటుపడియుండును. కాబట్టి తినువారికి కొరత లేదు. కొరత వేరొకదానికి. బంగాళాఖాతమున సుమారు నూరు, నూటయేబది మీటర్ల లోతునుండి ఆరేడువందల మీటర్ల వరకు నీటిలో ఆమ్లజని అతి స్వల్పము. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి మొదలైన నదులు తెచ్చిన మంచినీరు ఉప్పునీటిపై మూతవలె పరచుకొని, పైగాలిని క్రిందకు కలియనీయదు. ఆ పొరలో ఆమ్లజని లేశమాత్రముగనే మిగిలియున్నదని 2017లో ప్రకటించిన కొలతలు తెలిపినవి. పైని చెప్పిన మొదటి మెట్టును పాఠకులు తలచుకొనవలెను. మెక్సికో సింధుశాఖలోని మేఘమున బాక్టీరియాకు ఆమ్లజని చాలినది. మన కడలిలో అట్టి మేఘము ఆ పొరలో చిక్కినచో, ఎన్ని ఓలియిస్పైరా చుట్టములున్నను చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. ఆమ్లజని లేకుండ నైట్రేటు సాయముతో పనిచేయు బాక్టీరియా లేకపోలేదు, కాని వాని నడక నత్తనడక. అంతవరకు ఆ నీటిలో గ్రుడ్లు పెట్టు చేప ఆగదు, పూడిమడక పడవలును ఆగవు. చమురు తిను బాక్టీరియాను నమ్ముకొని నిశ్చింతగా నుండవచ్చునని చెప్పువారు ఈ ఒక్క పొర సంగతి మరచుచున్నారు.

మన దేశమున టెరి సంస్థ వారు తయారుచేసిన "ఆయిల్‌జాపర్" అను బాక్టీరియా మిశ్రమము మొక్కజొన్న కంకి పొడిలో కలిపి అమ్మబడుచున్నది. శుద్ధి కర్మాగారముల మడ్డిని నేలపై విరుగగొట్టుటకు అది బాగుగ ఉపకరించినది. నేలను దున్నవచ్చును, తడుపవచ్చును, గాలి ఆడునట్లు చేయవచ్చును. వేయి మీటర్ల లోతు నీటిని ఎవరు దున్నగలరు?

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చూపదలచినచో ఖర్చులేని పద్ధతి ఒకటి కలదు. తీరమునుండి శుభ్రమైన డబ్బాలో సముద్రపు నీరు తెప్పింపవలెను. మూడు గాజుసీసాలను సగము వరకు నింపి, ఒక్కొక్కదానిలో అయిదారు చుక్కలు డీజిలు వేయవలెను. దగ్గర నిప్పు ఉండరాదు. మొదటి సీసాలో మరేమియు కలుపరాదు. రెండవదానిలోను, మూడవదానిలోను చిటికెడు యూరియా, చిటికెడు సూపర్ ఫాస్ఫేటు కలుపవలెను. మూడవదానిని తిండి పదార్థములుంచని రిఫ్రిజిరేటరు దొరికినచో అందులో పెట్టవలెను. మూతలు బిగింపక దూది పెట్టి, దినమునకొకసారి కదుపుచుండవలెను. కొన్ని వారములకు రెండవ సీసాలో నీరు మసకబారి, పైనున్న నూనెతెట్టు చితికి, మొదటి సీసాకును దానికిని తేడా తెలియును. మూడవదానికి ఇంకను చాలకాలము పట్టవచ్చును. ఒక్కొక్కప్పుడు మార్పు కనబడకను పోవచ్చును, ఏలననగా అందులోనిది పూడిమడక ఒడ్డున ఎండకు కాగిన పైనీరు, అడుగునీరు కాదు.